పాత డబ్బాలో పద్నాలుగు అధ్యాయాలు

అటక మీద ఏముంటాయి? ఇత్తడి గుండిగలు, తాతగారి ట్రంకుపెట్టె, ఏడాదికోసారి దిగే బొమ్మల కొలువు సామాను. పాతికేళ్లుగా వాటి పక్కన ఇంకో వస్తువు చేరింది. తెలుపు కాస్తా పసుపుకి తిరిగిన ఓ డబ్బా, బండలాంటి మోనిటరు, వైరు చుట్టి పెట్టిన కీబోర్డు. ఇంట్లో మొట్టమొదట కొన్న కంప్యూటరు! కొన్న రోజున కొబ్బరికాయ కొట్టి, కుంకుమ బొట్టు పెట్టి మరీ ఆన్ చేసిందే. ఇప్పుడు పాత సామాన్లవాడికి వేస్తే ఇనుము ధర వస్తుంది. అయినా వేయడానికి మనసు రాదు. అందులో ఏవో ఉన్నాయి మరి... పెళ్లి ఫొటోలో, కొట్టు జమాఖర్చులో, ఇంట్లో పెద్దాయన రాసుకున్న నాలుగు మాటలో.

ఆ 'ఏవో' కోసమే జనం తెనాలిలో ఓ చిన్న కొట్టు వెతుక్కుంటూ వస్తుంటారు.

ముందు గదిలో సీసీ కెమెరాలు, ప్రింటర్ల ఇంకు సీసాలు ఉంటాయి. అది రోజువారీ బేరం. వెనక గదిలోకి వెళితే మాత్రం కాలం ముప్పై ఏళ్లు వెనక్కి జరుగుతుంది. 386లు, 486లు, మొదటి తరం పెంటియంలు, రిబ్బను ఎండిపోయిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు, అట్టపెట్టెల నిండా ఫ్లాపీలు. మెకానిక్‌ గారికి యాభై ఆరేళ్లు. రేడియోలతో మొదలుపెట్టి, టీవీల మీదుగా 1993లో కంప్యూటర్ల దగ్గరికొచ్చారు. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. పనేమో ఆగలేదు.

అసలు ఈ ఊళ్లో అన్ని పాత కంప్యూటర్లు ఎందుకున్నాయి? తెనాలి అక్షరాలతో బతికిన ఊరు. చందమామను నడిపిన చక్రపాణి, కొడవటిగంటి కుటుంబరావు ఇక్కడివాళ్లే. ఒకప్పుడు ఇక్కడి వీధుల్లో సీసపు అచ్చులు పేర్చే కంపోజిటర్లు ఉండేవాళ్లు. 1990ల్లో ఆ అచ్చుల పెట్టెలు మూలకు చేరి, వాటి చోట డీటీపీ సెంటర్లు వెలిశాయి. శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంకలనాలు, బడి ప్రశ్నపత్రాలు... అన్నీ కంప్యూటర్‌లోనే. పేజీమేకర్ నేర్చుకుంటే చాలు, ఉద్యోగం దొరికినట్టేనని కుర్రాళ్లు క్యూ కట్టిన రోజులవి. ఆ సెంటర్లు చాలావరకు మూతపడ్డాయి. డబ్బాలు మాత్రం మిగిలాయి.

ముక్కు, కన్ను, చెవి... తర్వాతే మీటరు

చచ్చిన కంప్యూటరు వస్తే ఈ మెకానిక్ చేసే మొదటి పని ప్లగ్గు పెట్టకపోవడం! మూత విప్పి వాసన చూస్తారు. కాలిన వాసనొస్తే పవర్ సప్లైలో గొడవ. చేపల వాసనలాంటిది వస్తే కెపాసిటర్ లోపలి ద్రవం కారినట్టు. ఆ తర్వాత టార్చిలైటు వేసి కళ్లతో వెతుకుతారు. 1999కీ 2007కీ మధ్య తయారైన బోర్డుల్లో కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉంటాయి. అప్పట్లో నాసిరకం ద్రవంతో తయారైన కెపాసిటర్లు ప్రపంచమంతా కోట్ల యంత్రాల్లోకి చేరిపోయాయి. పెద్ద పెద్ద కంపెనీలకే తల బొప్పి కట్టింది.

మన తీరంలో ఇంకో రెండు రోగాలున్నాయి. ఒకటి ఉప్పుగాలి. మెమరీ కార్డు కాళ్ల మీద పొరలా పేరుకుని కరెంటు అందకుండా చేస్తుంది. దానికి మందు? పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు! నాలుగుసార్లు రుద్ది, దుమ్ము దులిపి పెడితే సగం కేసులు అక్కడే లేచి కూర్చుంటాయి. రెండోది బల్లి. పవర్ సప్లై లోపల వెచ్చగా ఉంటుందని దూరుతుంది, రెండు కాళ్లు రెండు చోట్ల పెడుతుంది. అంతే. తనూ పోతుంది, ఫ్యూజూ పోతుంది.

చూడటం అయ్యాక వినడం. పాత యంత్రం తెర వెలగకపోయినా తన బాధ తనే చెప్పుకుంటుంది, 'బీప్' అని. ఒక రకం బోర్డుల్లో మూడు బీప్‌లు వస్తే మెమరీ దెబ్బతిన్నట్టు. ఇంకో రకంలో ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లు వస్తే డిస్‌ప్లే కార్డు సరిగా లేనట్టు. అసలు నోరే విప్పకపోతే చిన్న డయాగ్నస్టిక్ కార్డు ఒకటి గుచ్చుతారు. యంత్రం నిద్రలేస్తూ ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో రెండు అంకెల్లో చూపిస్తుందది. మీటరు బయటికొచ్చేది ఆ తర్వాతే. చదువుకున్న ఇంజినీర్లు ముందు మీటరు తీస్తారనీ, అందుకే వాళ్లకి బల్లి ఆలస్యంగా కనిపిస్తుందనీ ఆయన హాస్యం.

ఇక్కడో హెచ్చరిక. సరదాపడి ఇంట్లో విప్పేవాళ్లు పాత మోనిటరు, పవర్ సప్లై జోలికి మాత్రం వెళ్లొద్దు. మన 230 వోల్టుల కరెంటు పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్‌లోకి 320 వోల్టుల పైచిలుకుగా చేరుతుంది. ప్లగ్గు పీకినా కొంతసేపు అలాగే ఉంటుంది. కలర్ మోనిటరు పిక్చర్‌ట్యూబ్‌లోనైతే ఇరవై వేల వోల్టులు దాటుతుంది. ఆయన కుడిచేతి చూపుడువేలి మీద తెల్లటి మచ్చ ఒకటుంది. 1998 నాటిది.

బాపట్ల 'డాక్టరు'

ఈయన చేతికి లొంగని కేసులు బాపట్ల వెళతాయి. అక్కడ ఓ పెద్దాయన ఉన్నారు. ఎలక్ట్రానిక్స్ ల్యాబుల్లో టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యారు. డెబ్బై దాటినా చేతులు వణకవు. వరండాలో బల్ల, భూతద్దం బిగించిన దీపం, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఆసిలోస్కోపు. పొద్దున భావనారాయణస్వామి గుడికి వెళ్లొచ్చి కూర్చుంటే మధ్యాహ్నం భోజనానికి పిలిస్తేగానీ లేవరు.

ఆ బల్ల మీద అందరికీ ముద్దొచ్చే యంత్రం ఒకటుంది. బీబీసీ మైక్రో. 1981లో ఇంగ్లండ్‌లో ఏకార్న్ కంపెనీ తయారుచేసింది. కీబోర్డూ కంప్యూటరూ ఒకటే డబ్బా. మెమరీ అంతా కలిపి 32 కిలోబైట్లు. ఇప్పుడు ఫోన్లో వచ్చే గుడ్‌మార్నింగ్ బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టదు! మన దేశంలో బడిపిల్లలకి కంప్యూటర్ నేర్పాలని 1984లో కేంద్రం 'క్లాస్' పథకం పెట్టినప్పుడు స్కూళ్లకి పంపింది ఈ యంత్రాలనే. తాళం వేసిన గది, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లడం, ఒక్కో యంత్రం ముందు నలుగురైదుగురు పిల్లలు... ఇప్పుడు యాభై ఏళ్లు నడుస్తున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

పెద్దాయన దాన్ని తుక్కు వేలంలో కొన్నారు. ఇంటికి తెచ్చి స్విచ్ వేస్తే చక్కగా వెలిగింది. పది నిమిషాలకి తోక నుంచి తెల్లటి పొగ! ఇంట్లోవాళ్లు బకెట్‌తో నీళ్లు తెచ్చారు. ఆయన మాత్రం నవ్వుతూ ప్లగ్గు పీకారు. ఆ మోడల్‌కి అది మామూలే. పవర్ సప్లైలో ఓ చిన్న కెపాసిటర్ ఉంటుంది. పైపొర ఏళ్ల తరబడి బీటలువారి గాలిలో తేమని పీల్చుకుంటుంది. బాపట్ల గాలిలో తేమకేం తక్కువ, సూర్యలంక సముద్రం పక్కనే. కరెంటు తగలగానే కాలి పొగ చిమ్ముతుంది. కంప్యూటరుకి మాత్రం ఏమీ కాదు. పొగ చూసి భయపడి చెత్తకుప్పలో వేసిన యంత్రాలు ఎన్నో పాపం.

రేపల్లె నుంచి వచ్చిన డబ్బా

కిందటేడు వానాకాలంలో రేపల్లె రైలు దిగి ఓ యాభై ఏళ్లావిడ కొట్టుకి వచ్చారు. చేతుల్లో దుప్పట్లో చుట్టిన డబ్బా, భుజాన సంచిలో మూడు ఫ్లాపీలు.

"అన్నయ్యగారూ, ఇది నాన్నది. పదిహేడేళ్లయింది ఆన్ చేసి. ఇందులో ఆయన పుస్తకం ఉంది."

"ఆన్ చేసి చూశారా అమ్మా?"

"లేదండీ. మా అబ్బాయి చేస్తానన్నాడు. నాన్న వద్దన్నారు."

"మాస్టారు మంచిపని చేశారు."

ఆ నాన్నగారు రేపల్లె వైపు పల్లెల్లో తెలుగు పంతులుగా పనిచేశారు. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెన వచ్చినప్పుడు ఆయనకి నలభై ఏళ్లు. అధికారిక లెక్కల్లోనే దాదాపు పదివేల మంది పోయిన రాత్రి అది. కృష్ణకి అవతల దివిసీమ, ఇవతల రేపల్లె, నిజాంపట్నం తీరం. ఆ మరుసటేడు నుంచి మాస్టారు సెలవుల్లో సైకిలేసుకుని పల్లెలు తిరిగారు. పెనుమూడి రేవు దాటి అవతలి ఒడ్డుకీ వెళ్లారు. తాటిచెట్టు పట్టుకుని తెల్లవార్లూ వేలాడినవాళ్లు, ఇంటికప్పు మీద కొట్టుకుపోయి తేలినవాళ్లు, ఇల్లంతా పోగా ఒక్కరే మిగిలినవాళ్లు... ఎవరు ఏం చెబితే అది చెప్పినట్టే నోటుబుక్కుల్లో రాసుకున్నారు. పేర్లతో, ఇంటిపేర్లతో, ఏ చెట్టు ఎక్కడుందో దానితో సహా.

1995లో రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో కొంతపెట్టి ఓ 486 కంప్యూటరు కొని, ఇంటి ముందు గదిలో డీటీపీ పెట్టారు. పగలు శుభలేఖలు, ప్రశ్నపత్రాలు. రాత్రి తన పుస్తకం. రెండు వేళ్లతో కొట్టుకుంటూ పద్నాలుగు అధ్యాయాలు పూర్తిచేశారు. అచ్చుకి డబ్బులు కూడలేదు. ఈ ఏడు కాదు వచ్చే ఏడు అనుకుంటూ ఉండగానే సెంటర్ మూతపడింది. ఆ తర్వాత ఓ వేసవిలో బీరువా తెరిస్తే నోటుబుక్కులూ, తీసిపెట్టుకున్న ప్రూఫులూ ఒకే ముద్దగా చెదలు! ఇప్పుడు మాస్టారికి ఎనభై ఎనిమిది. కళ్లు మసకేశాయి. ఆ రోజు చెప్పినవాళ్లలో మిగిలినవాళ్లు ఎందరో వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. పుస్తకం ఎక్కడైనా ఉంటే ఆ డబ్బాలోనే ఉండాలి.

మూత విప్పగానే మెకానిక్ మొహం మారింది. పాత బోర్డుల మీద పీపా ఆకారంలో చిన్న బ్యాటరీ ఉంటుంది. 3.6 వోల్టులది. కరెంటు లేనప్పుడు టైమూ తేదీ గుర్తుపెట్టుకోవడం దాని పని. వాడకుండా వదిలేస్తే అందులోంచి క్షారం కారుతుంది. ఇత్తడి గిన్నెకి పట్టినట్టు పచ్చటి చిలుము, బ్యాటరీ నుంచి కీబోర్డు సాకెట్ దాకా పాకి ఉంది. వెంట్రుకల్లాంటి రాగి గీతలు నాలుగైదు కరిగి మాయమయ్యాయి. ఆ స్థితిలో స్విచ్ వేసి ఉంటే ఏ గీత నుంచి ఏ గీతకి కరెంటు దూకేదో చెప్పలేం.

"బోర్డు సంగతి తర్వాత చూద్దాం అమ్మా. ముందు డిస్కు బతికుందా, అది చూడాలి."

ఇదే ఆయన పద్ధతి. డేటా ముందు, డబ్బా తర్వాత.

తిరగనని మొండికేసిన డిస్కు

పాత హార్డ్ డిస్కుని యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే సరిపోదా అని మీకు అనిపించొచ్చు. సరిపోదు. ఆ తీగలోని చిప్పు 'ఫలానా నంబరు గడి ఇవ్వు' అని అడుగుతుంది. 1990ల తొలినాళ్ల చిన్న డిస్కులు చాలావాటికి ఆ భాష రాదు. సిలిండరు, హెడ్డు, సెక్టారు అని మూడూ విడివిడిగా చెప్పాలి. డోర్ నంబరు చెబితే తెలియని పోస్ట్‌మేన్‌కి వీధి పేరు, వరస, ఎన్నో ఇల్లు అని చెప్పడం లాంటిది. మాస్టారి డిస్కు 420 మెగాబైట్లది. ఆ భాష తెలిసిన పాత యంత్రమే కావాలి. వెనక గదిలో బతికున్న 486 ఒకటి బయటికొచ్చింది. డిస్కు లేబుల్ మీద అచ్చేసి ఉన్న మూడు అంకెలూ దాని సెటప్‌లో కొట్టి కరెంటిచ్చారు.

'టిక్... టిక్...' అంటోంది తప్ప తిరగలేదు.

ఏళ్ల తరబడి కదలకుండా పడున్న పాత డిస్కుల్లో ఇది జరుగుతుంది. అద్దంలా నున్నటి పళ్లెం మీద రాత చదివే తల అతుక్కుపోతుంది. తడిసిన రెండు గాజు పలకలు ఒకదానికొకటి పట్టుకున్నట్టు. మోటారుకి దాన్ని విడిపించే బలం ఉండదు. దీనికో మొరటు వైద్యం ఉంది. డిస్కుని అరచేతుల మధ్య బల్లపరుపుగా పట్టుకుని, పళ్లెం తిరిగే దిశలోనే ఒక్క కుదుపు కుదపాలి. తల విడివడితే బతికినట్టు. తలే ఊడిపోతే? అంతటితో సరి. ఇందులో ఎంత ప్రమాదం ఉందో ఆయన ఆవిడకి దాచకుండా చెప్పారు. పెద్ద నగరాల్లో డేటా వెలికితీసే ల్యాబులున్నాయి, అక్కడ దుమ్ము లేని గదిలో విప్పుతారు, ఖర్చు వేలల్లో ఉంటుంది, అదీ చెప్పారు. ఆవిడ బయటికి వెళ్లి నాన్నకి ఫోన్ చేశారు. లోపలికొచ్చి, "కుదపమన్నారు" అన్నారు.

రెండో కుదుపుకి 'గిర్ర్' మని శబ్దం. ముప్పై ఏళ్ల కిందటి డీటీపీ సెంటర్లన్నింట్లో వినిపించిన శబ్దమే. ఆయన ముందే యూపీఎస్ పెట్టి ఉంచారు. ఒకసారి తిరిగిన డిస్కుని ఆపితే మళ్లీ తిరుగుతుందన్న నమ్మకం లేదు. ఫైళ్లు తెరిచి చూసే సరదా ఆపుకుని, గడి గడీ ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి ఎక్కించడం మొదలుపెట్టారు. బాగున్న డిస్కయితే గంటలోపు పని. ఇది చెడిన గడి దగ్గరల్లా ఆగి, గీరుకుని, మళ్లీ ప్రయత్నించి ముందుకెళ్లింది. ఆవిడ సాయంత్రం రైలుకి వెళ్లిపోయారు. ఆయన ఇంటికి వెళ్లలేదు.

తెల్లవారేసరికి అయింది. పద్నాలుగు అధ్యాయాల్లో పదకొండు నిక్షేపంగా ఉన్నాయి. ఒకటి సగమే వచ్చింది. రెండు అసలు లేవు.

అప్పుడు గుర్తొచ్చాయి ఆ మూడు ఫ్లాపీలు. షట్టర్ జరిపి చూస్తే నల్లటి పొర మీద తెల్లగా బూజు. అలాగే డ్రైవ్‌లో పెడితే బూజు తలకి అంటుకుని ఫ్లాపీ గీసుకుపోతుంది. ప్లాస్టిక్ డొక్క విప్పి, లోపలి బిళ్లని సబ్బునీళ్లలో మెల్లగా కడిగి, నీడలో ఆరబెట్టి, ఇంకో మంచి ఫ్లాపీ డొక్కలోకి మార్చారు. కుబుసం మార్చినట్టన్నమాట. రెండు ఫ్లాపీలు నోరు తెరవలేదు. మూడోదాంట్లో ఒక అధ్యాయం దొరికింది. తొమ్మిదోది.

అక్షరాలున్నాయి, చదవలేం

ఇంతా చేసి ఆ ఫైళ్లు ఇప్పటి కంప్యూటర్లో పెడితే కనిపించినవి డాలరు గుర్తులు, ఆశ్చర్యార్థకాలు, కొక్కేలు! అప్పటి తెలుగు ఫాంట్లది ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు పెట్టుకున్న ఏర్పాటు. తలకట్టు ఒక బొమ్మ, గుడి ఒక బొమ్మ, ఒత్తు ఇంకో బొమ్మ. ఆ ఫాంటు లేకపోతే అంతా గజిబిజే. అన్ని కంప్యూటర్లకీ ఒకేలా అర్థమయ్యే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా, మన డీటీపీ సెంటర్ల దాకా అది రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

రేపల్లె నుంచి తెనాలికి వచ్చే ఆ రైలుదారిలోనే భట్టిప్రోలు ఉంది. 1892లో అక్కడి స్తూపంలో అలెగ్జాండర్ రే తవ్వి తీసిన రాతిపేటికల మీద అక్షరాలున్నాయి. రెండువేల ఏళ్లకి పైబడిన ఆ రాతని జార్జ్ బ్యూలర్ అనే పండితుడు చదివి అర్థం చెప్పారు. పండితులు తెలుగు లిపి మూలాలు వెతికేటప్పుడు తప్పకుండా ఆగే చోటది. అక్కడికి కూతవేటు దూరంలో 1996 నాటి తెలుగు చదవడానికి ఇంత తంటా!

అదృష్టం ఏమిటంటే ఆ ఫాంటు కూడా డిస్కులోనే ఉండటం. మాస్టారి ఫైళ్లు పేజీమేకర్ 5లో చేసినవి. ఇప్పటి డిజైన్ సాఫ్ట్‌వేర్లు వాటిని తెరవవు. తెనాలిలోనే ఇంకా కొనఊపిరితో నడుస్తున్న ఓ డీటీపీ సెంటర్లో పేజీమేకర్ 6.5 ఉంటే దానిలో తెరిచి, మాటలు బయటికి తీసి, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చారు. ఒత్తులు కొన్ని పక్క అక్షరానికి అతుక్కున్నాయి. సున్నాలు కొన్ని ఎగిరిపోయాయి. అయినా తెలుగు తెలుగులా కనిపించింది.

పుస్తకం దొరికింది కదా, ఇక డబ్బాతో పనేముంది? మాస్టారికుంది. తన యంత్రం మీదే ఒకసారి చూడాలన్నారు. మెకానిక్ ఆ బోర్డుని తీసుకుని బాపట్ల వెళ్లారు. పెద్దాయన బ్యాటరీ పీకేసి, క్షారానికి విరుగుడుగా వెనిగర్ అద్ది, నీళ్లతో కడిగి, స్పిరిట్ పట్టించి, రెండు రోజులు ఆరబెట్టారు. భూతద్దం కింద మాయమైన రాగి గీతల బదులు వెంట్రుకవాసి తీగలు అతికారు. మొత్తం ఆరు అతుకులు. ఒక్క అతుక్కి ఒక పూట పట్టింది. తీగ ఎక్కడ మొదలై ఎక్కడికి చేరాలో చెప్పే పటాలు ఆ బోర్డుకి దొరకవు మరి. మీటరుతో ఒక్కో కాలూ తడుముకుంటూ పోవడమే.

ఇలాంటి పనికి విదేశాల్లో పెద్దపీట వేస్తారు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ల రహస్య సందేశాలు విప్పిన కొలోసస్‌ని ఇంగ్లండ్‌లో చిత్తు కాగితాలూ, ఫొటోలూ, జ్ఞాపకాలూ ఆధారంగా మళ్లీ కట్టారు. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకల కంప్యూటర్ ఒకదాన్ని 2019లో అమెరికాలో కొందరు ఔత్సాహికులు మళ్లీ బతికించారు. హైదరాబాద్‌ ఈసీఐఎల్ ఎప్పుడో టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారుచేసింది. అలాంటి ఘనత ఉన్న మన దగ్గర ఈ విద్య ఇంకా వరండాల్లోనే ఉంది. బాపట్ల పెద్దాయన దగ్గరికి నేర్చుకుంటానని ఇప్పటిదాకా వచ్చింది ఇద్దరే. ఒకరు బ్యాంకు ఉద్యోగం రాగానే మానేశారు.

సంక్రాంతికి ముందు మెకానిక్ స్వయంగా డబ్బా తీసుకుని రేపల్లె వెళ్లారు. ముందు గదిలో పాత బల్ల మీదే పెట్టారు. స్విచ్ వేస్తే మెమరీ లెక్కపెట్టుకుని, ఒక బీప్ ఇచ్చి, తెర వెలిగింది. తేదీ మాత్రం 1980 జనవరి 1 చూపించింది. బ్యాటరీ లేదుగా! మాస్టారు తెరకి జానెడు దూరంలో మొహం పెట్టి చాలాసేపు చూశారు. ఏ అధ్యాయాలు పోయాయని అడిగారు. ఒకటి పూర్తిగా, ఒకటి సగం అని చెప్పారు కూతురు. పోయినదాంట్లో ఎవరెవరున్నారో ఆయనే ఒక్కో పేరూ చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ గబగబా ఫోన్‌లో రికార్డింగ్ నొక్కారు. పదిహేడు పేర్లొచ్చాయి. వాళ్లు చెప్పిన కథల్లో మూడే గుర్తున్నాయి.

మెకానిక్ డబ్బులు తీసుకోవడానికి మొహమాటపడ్డారు. మాస్టారు ఒప్పుకోలేదు. ఆరు అతుకులకీ లెక్క కట్టించి, కూలి ఇచ్చి, బాపట్ల ఆయన వాటా ఆయనకి చేర్చమని విడిగా కవర్లో పెట్టారు.

ఇప్పుడు రేపల్లెలో మొదటి ప్రూఫు నడుస్తోంది. పెద్ద అక్షరాల్లో తీసిన కాగితాలని రోజుకి రెండు పేజీల చొప్పున కూతురు చదువుతుంటే మాస్టారు భూతద్దంతో సరిచూస్తున్నారు. కన్వర్టర్ ఎగరగొట్టిన సున్నాలకీ, తారుమారైన ఒత్తులకీ ఎర్ర సిరా గీతలు పడుతున్నాయి. నాలుగో అధ్యాయంలో మాత్రం ఒక ఇంటిపేరు కింద రెండు గీతలున్నాయి. అది కన్వర్టర్ తప్పు కాదట. 1996లో తానే తప్పు కొట్టారట.